రిమోట్ డేటాబేస్‌కి అకౌంట్: %, ఐపీ, టన్నెల్‌లో ఏది మేలు?

బరంపురంలో పట్టుచీరల కొట్టుకో, పర్లాకిమిడిలో కొమ్ముబొమ్మలు అమ్మేవాళ్లకో సైట్ చేసిపెట్టే మన కుర్రాళ్లు కొందరు సైట్ ఒకచోట, డేటాబేస్ ఇంకోచోట పెడతారు. పేచీ అక్కడే మొదలవుతుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో అకౌంట్ అంటే యూజర్ పేరు ఒక్కటే కాదు, ఏ హోస్ట్ నుంచి, అంటే ఏ కంప్యూటర్ నుంచి వస్తున్నాడన్నదీ అందులో భాగమే. ఆ హోస్ట్ దగ్గర ఏం రాయాలి?

% అని రాస్తే ఎక్కడి నుంచైనా రావచ్చు. ఈ హోస్ట్‌కి అనుమతి లేదనే 1130 ఎర్రర్ చిటికెలో పోతుంది. అంతే, ఇక ఆ %ని ఎవరూ ముట్టుకోరు. మైఎస్‌క్యూఎల్ కనెక్షన్లు తీసుకునే 3306 పోర్ట్ కూడా లోకానికంతా తెరిచి ఉంటే, రాత్రీపగలూ పాస్‌వర్డ్‌లు ఊహించే బాట్లకీ మీ ఆర్డర్లకీ మధ్య ఉండేది ఆ పాస్‌వర్డ్ ఒక్కటే. నేనైతే టెస్టింగ్‌కి కూడా ఇవ్వను.

వెబ్ సర్వర్‌కి స్థిరమైన ఐపీ ఉంటే హోస్ట్ దగ్గర అదే రాయండి, ఫైర్‌వాల్‌లోనూ 3306ని ఆ ఐపీకే వదలండి. అకౌంట్‌కి రిక్వైర్ ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ ఉంటేనే రానిచ్చే షరతు) పెట్టడం మరవొద్దు. అది అడగకపోతే చాలా పీహెచ్‌పీ సైట్లు ఎన్‌క్రిప్షన్ లేకుండానే కనెక్ట్ అయిపోతాయి. సైట్‌కి ఇదే మేలు.

మనిషి సంగతి వేరు. రాయగడలో ఇంట్లో కూర్చుని మొబైల్ హాట్‌స్పాట్ మీద స్టాక్ సరిచూసేవాడి ఐపీ ఎప్పుడు మారుతుందో తెలీదు. పైగా ఒకే ఐపీని ఎందరో కస్టమర్లు పంచుకుంటారు, దాన్ని అనుమతిస్తే వాళ్లందరినీ అనుమతించినట్టే. అలాంటివాడికి డేటాబేస్ సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ (ఎన్‌క్రిప్ట్ చేసిన దారి) ఇవ్వండి. అందులోంచి వస్తే డేటాబేస్‌కి లోకల్‌హోస్ట్ నుంచి, అంటే అదే కంప్యూటర్ నుంచి వచ్చినట్టే ఉంటుంది. సైట్‌కీ టన్నెల్ వాడొచ్చు గానీ, అది తెగితే సైటూ ఆగుతుంది, ఆ కాపలా టెన్షన్ ఎవరిక్కావాలి?

అసలు నష్టం జరిగేది హక్కుల దగ్గర. ఆల్ ప్రివిలేజెస్ (అన్ని హక్కులూ) ఇచ్చేస్తే హాయిగా ఉంటుంది, సైట్‌లో ఒక్క ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ రంధ్రం, అంటే ఫారంలోంచి సొంత డేటాబేస్ ఆదేశాలు దూర్చే సందు, దొరికేదాకా. చీరల సైట్‌కి నిజంగా కావలసిందేమిటో చూడండి: ధరల టేబుల్ మీద సెలెక్ట్ (చదవడం) చాలు, ఆర్డర్ల మీద సెలెక్ట్, ఇన్సర్ట్ (చేర్చడం), అప్‌డేట్ (మార్చడం). డిలీట్ ఎందుకు? రద్దైన ఆర్డర్‌కి స్టేటస్ మార్చితే సరిపోతుంది. డ్రాప్ అసలే వద్దు, టేబుల్‌ని ఒక్క దెబ్బకి ఖాళీ చేసే ట్రంకేట్‌కి కావలసింది ఆ హక్కే.

వర్డ్‌ప్రెస్ ఐతే ఇంత పిసినారితనం కుదరదు. అప్‌డేట్లకీ ప్లగిన్లకీ క్రియేట్, ఆల్టర్ (టేబుళ్లు సృష్టించే, మార్చే హక్కులు) అవసరపడతాయి. సొంతంగా రాసుకున్న సైట్‌కి మాత్రం టేబుళ్లు మార్చే అకౌంట్ విడిగా పెట్టి, దాని పాస్‌వర్డ్ సైట్ కాన్ఫిగ్‌లో ఉంచకండి.

ఐపీతో కొత్త అకౌంట్ చేశాక పాత % అకౌంట్‌ని డ్రాప్ యూజర్‌తో తీసేయండి. మీ సర్వర్ నుంచి వచ్చినప్పుడు ఐపీ ఉన్న అకౌంటే ముందు తగులుతుంది కాబట్టి అంతా సరిగ్గానే కనిపిస్తుంది. మిగతా లోకానికి పాతది ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.