సూర్యాపేట నుంచి జగ్గయ్యపేట, రెండు ఆర్టీసీల బస్సుల్లో: నా రివ్యూ

2025 దసరాకి అమ్మని తీసుకుని సూర్యాపేట నుంచి జగ్గయ్యపేటలో మా చిన్నమ్మ వాళ్ళింటికి వెళ్ళొచ్చా. కోదాడ దాకా తెలంగాణ బస్సు, అక్కడ దిగి ఆంధ్రా బస్సు. ఏళ్ళ తరబడి తిరుగుతున్న రోడ్డే, రివ్యూ రాయాలని ఎప్పట్నుంచో ఉంది, కానీ సీటు మెత్తగా ఉందా టైముకి వచ్చిందా అని నాలుగు ముక్కలు రాసి వదిలేయడం నావల్ల కాదు, ఎందుకంటే ఒకే రోడ్డు మీద ఒకే పని చేసే ఇద్దరు కండక్టర్లలో ఒకరు గవర్నమెంటు ఉద్యోగి, ఇంకొకరు కాదు. ఆ తేడా బస్సులోంచి వచ్చింది కాదు, అసెంబ్లీ ఎలక్షన్ల క్యాలెండర్లోంచి వచ్చింది.

ముందు సర్వీస్ సంగతి. మొదటి బస్సులో కండక్టరక్కకి నేను ఐదుకి ఐదు ఇస్తా. పండగ జనం, మెడలో టికెట్ మిషను, ఒక మోచెయ్యి కడ్డీకి ఆనించి నిలబడి ఒక్కొక్కరి ఆధార్ చూసి జీరో టికెట్ కొడుతూనే ఉంది, ఎక్కడా విసుక్కోలేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అడక్కముందే "తమ్మీ, పెద్దమ్మకు జర సీటియ్యి" అని ఒక కుర్రాణ్ణి లేపింది, కోదాడలో తను ముందు దిగి అమ్మ చెయ్యి పట్టుకుని దించింది. మహాలక్ష్మి పథకం, అంటే తెలంగాణ ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం, 2023 డిసెంబర్ 9న మొదలైంది, కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన రెండో రోజే. ఆ పథకాన్ని రోజూ మోస్తున్నది మాత్రం ఇలాంటి అక్కలే.

మధ్యలో కాస్త ఖాళీ దొరికితే అడిగా, మిమ్మల్ని గవర్నమెంట్ల కలిపిన్రు కదా అక్కా అని. "బిల్లు పాసైంది తమ్మీ, తారీఖే రాలే" అంది, అని మళ్ళీ టికెట్లకి వెళ్ళిపోయింది.

ఆ తారీఖు వెనక కథ మా జిల్లా వాళ్ళకి బాగా గుర్తుండాలి. 2019 అక్టోబర్ 5న తెలంగాణ ఆర్టీసీ సమ్మె మొదలైంది, 26 డిమాండ్లు, అందులో పెద్దది ప్రభుత్వంలో విలీనం, అంటే ఆర్టీసీ సిబ్బందిని గవర్నమెంటు ఉద్యోగులు చేయడం. సమ్మె మధ్యలోనే మా పక్కనే హుజూర్‌నగర్ ఉప ఎన్నిక వచ్చింది, అక్టోబర్ 21న పోలింగ్, అధికార పార్టీ భారీ మెజారిటీతో గెలిచింది, ఆ తర్వాత ప్రభుత్వం ఇంకా గట్టిపడిందే తప్ప మెత్తబడలేదు. డ్యూటీకి రాని వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఉద్యోగం పోగొట్టుకున్నట్టు అన్నారు, 5,100 రూట్లు ప్రైవేటుకి ఇస్తామన్నారు. 52 రోజులకి యూనియన్లే సమ్మె విరమించుకున్నాయి. ఆ రోజుల్లో ఇదే కోదాడకి ఒక ప్రైవేటు బండి వాడికి మామూలు చార్జీకి రెట్టింపు ఇచ్చి వెళ్ళా, అదీ ఇరుక్కుని. ఆర్టీసీ లేకపోతే ఏమవుతుందో ఆ నెలన్నరలో చూశాను కాబట్టే ఇదంతా రాస్తున్నా.

అదే సమయంలో అవతల రాష్ట్రంలో పని ఎంత తేలిగ్గా అయిపోయిందో చూడండి. 2019 ఏప్రిల్‌లో పోలింగ్, మేలో ఫలితం, విలీనం హామీ ఇచ్చిన పార్టీకి 175లో 151 సీట్లు. డిసెంబర్‌లో అసెంబ్లీలో చట్టం పాసైంది, 2020 జనవరి 1 నుంచి యాభై వేలకు పైగా ఆర్టీసీ సిబ్బంది ప్రజా రవాణా శాఖ ఉద్యోగులైపోయారు. ఇక్కడ 52 రోజులు రోడ్డు మీద కూర్చున్నా రానిది అక్కడ ఒక ఎన్నికతో వచ్చేసింది.

ఇక మన దగ్గర, సమ్మెప్పుడు కుదరదన్న ప్రభుత్వమే 2023 జులై 31న కేబినెట్‌లో విలీనానికి ఓకే చేసింది, పోలింగ్‌కి సరిగ్గా నాలుగు నెలల ముందు. గవర్నర్ దగ్గర బిల్లు ఆగితే కార్మికులు ఆగస్టు 5 పొద్దున రెండు గంటలు బస్సులు ఆపి రాజ్‌భవన్‌కి కదిలారు, 6న అసెంబ్లీలో పాసైంది, సెప్టెంబర్‌లో ఆమోదం కూడా వచ్చింది, మొత్తం 43,373 మంది. నవంబర్ 30న ఎన్నికలు, ప్రభుత్వం మారింది, నేను వెళ్ళేనాటికి చట్టం పుస్తకంలో ఉంది కానీ అమల్లోకి వచ్చే తేదీ ప్రకటించలేదు. 2025 మే 7 నుంచి సమ్మె అని నోటీసు ఇచ్చినప్పుడు కూడా డిమాండ్లలో ఇదే ముందుంది, ముందు రోజు మంత్రితో మాట్లాడి వాయిదా వేసుకున్నారు, ముగ్గురు ఐఏఎస్‌లతో కమిటీ వేశారు.

నాకు దీనికంటే ఎక్కువ బాధ యూనియన్ ఎన్నికల సంగతి. ఆర్టీసీలో గుర్తింపు సంఘం అంటే కార్మికులు రహస్య ఓటింగ్‌లో ఎన్నుకునేది, గెలిచిన సంఘమే మేనేజ్‌మెంట్‌తో జీతాలు, డ్యూటీ చార్టులు, సెలవుల గురించి కూర్చుని మాట్లాడుతుంది. తెలంగాణలో ఆ ఓటింగ్ చివరిసారి జరిగింది 2016 జులైలో. సమ్మె అయ్యాక యూనియన్లే వద్దు, డిపోకో సంక్షేమ కమిటీ చాలన్నారు. అంటే ఆ అక్క అసెంబ్లీకి, పార్లమెంటుకి, ఊళ్ళో సర్పంచ్‌కి ఓటేసింది గానీ తన డిపోలో తన తరఫున ఎవరు మాట్లాడాలో చెప్పడానికి మాత్రం 2025 నాటికి తొమ్మిదేళ్ళుగా ఓటు లేదు. ఇది తప్పు, ఏ పార్టీ ఉన్నా తప్పే.

కోదాడలో ఆంధ్రా బస్సు ఎక్కాం, అమ్మకి జీరో టికెట్ అక్కడితో అయిపోయింది కాబట్టి డబ్బులిచ్చి టికెట్ తీసుకున్నాం. కండక్టర్ యాభై దాటినాయన, టికెట్ వెనకాల చిల్లర బాకీ రాసి ఇచ్చి దిగేప్పుడు గుర్తుపెట్టుకుని తనే ఇచ్చాడు. మీకు బావుంది బాబాయ్, గవర్నమెంట్ అయిపోయారు అన్నా. "జీతానికి ఢోకా లేదయ్యా, ఆ మాట అనకూడదు. కానీ అప్పట్లో గేట్ మీటింగ్ పెడితే మేనేజరు బయటికొచ్చి వినేవాడు" అన్నాడు. గేట్ మీటింగ్ అంటే సంఘం వాళ్ళు డిపో గేటు దగ్గర పెట్టే సభ, ఆ మాటలో చాలా ఉంది. గవర్నమెంటు ఉద్యోగి అయ్యాక ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు, అదే కండక్ట్ రూల్స్, వర్తిస్తాయి, సమ్మె చేయకూడదు, సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు కూడా 2003లో తమిళనాడు కేసులో చెప్పింది. కాబట్టి విలీనం అడిగే మన కార్మికులు కూడా భద్రత తీసుకుంటూ ఏం వదులుకుంటున్నారో చట్టంలో ప్రతి లైనూ చదివి, సంఘం ఎన్నికలు, మాట్లాడే హక్కు అందులో రాయించుకుంటేనే మేలని నా అభిప్రాయం.

రేటింగ్ అడిగితే సిబ్బందికి రెండు వైపులా ఐదు. తెలంగాణ సర్వీస్‌కి మొత్తంగా నాలుగు, ఒక స్టార్ ఆ రాని తారీఖుకి, జరగని ఓటింగ్‌కి తీసేశా, అది డిపో వాళ్ళ మీద కాదు సెక్రటేరియట్ మీద. ఆంధ్రా సర్వీస్‌కీ నాలుగే, బాబాయ్ చెప్పిన గేట్ మీటింగ్ కోసం.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట, ఆడవాళ్ళు ఒరిజినల్ ఆధార్ దగ్గర పెట్టుకోండి, ఉచితం కోదాడ దాకే, ఆ అవతలకి చిల్లర తీసి పెట్టుకుంటే కండక్టర్‌కి పని తేలికవుతుంది.