టైమర్ ఆపేసి ఆడండి: పాత సినిమాల క్విజ్ యాప్‌పై నా సమీక్ష

ఈ యాప్‌ను ఒక్కరే కూర్చుని ఆడితే వారంలో విసుగొస్తుంది. నలుగురు పాత సినిమా పిచ్చోళ్లు చేరితే మాత్రం రాత్రి భోజనాల వేళ దాటినా ఎవరూ లేవరు. చాలాకాలంగా రెండు రకాలుగానూ ఆడుతున్నాను కాబట్టి ధైర్యంగానే చెబుతున్నా.

మా బ్యాచ్ హైదరాబాద్ చిక్కడపల్లిలో కలుస్తుంది. త్యాగరాయ గానసభలో ఏదైనా కార్యక్రమం ఉంటే అది అయ్యాక, లేకపోతే దగ్గర్లోనే ఒకరింటి డాబా మీద. నాకు యాభై దాటినా అందరిలోకీ చిన్నవాణ్ని నేనే. కాబట్టి ఫోన్ పట్టుకుని ప్రశ్నలు పైకి చదివే డ్యూటీ నాది.

ఆట తీరు మామూలే. ఒక ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, పదిహేను సెకన్లు. మొదటి లెవెల్ మరీ పిల్లలాట. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడి వేషం ఎవరిదని అడిగితే, మా రిటైర్డ్ తెలుగు మాస్టారు “ఇది కూడా ఒక ప్రశ్నేనటోయ్? అవతలికి నడు” అన్నారు. ఆ లెవెల్ దాటనిదే పైకి పంపకపోవడం పెద్ద లోపం. ఎస్వీ రంగారావు పేరు నొక్కీ నొక్కీ వేలు నొప్పి పుట్టింది.

పై లెవెల్స్‌లో సరుకుంది. ‘మాయాబజార్’ (1957) ప్రశ్నలు తయారుచేసిన వాళ్లెవరో గానీ సినిమాను చెవులతో చూసినవాళ్లే. శశిరేఖ పాటలనగానే అందరికీ పి. లీల గొంతే గుర్తొస్తుంది. కానీ ‘అహ నా పెళ్ళియంట’ పాడింది పి. సుశీల, మధ్యలో శశిరేఖ వేషంలోని ఘటోత్కచుడు బయటపడే చోట వినిపించేది ఘంటసాల. ఈ ప్రశ్నకు మావాళ్లలో ఇద్దరు లీల అని పందెం కాసి మరీ టీ డబ్బులు పోగొట్టుకున్నారు. తెర వెనక పాడే ఘంటసాల తెరమీద కనిపించి పాడిన పాట ఏదన్నది ఇంకో మంచి ప్రశ్న. ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’ (1960)లోని ‘శేషశైలావాస’ అని జవాబు వచ్చేలోపే ఒకాయన పాట ఎత్తుకున్నారు. టైమర్ ఏమైందో ఎవరూ చూడలేదు.

అందుకే సెట్టింగ్స్‌లోకి వెళ్లి టైమర్ ఆపేయమంటున్నాను. అది చాలా లోపల దాచారు. మూడు మెనూలు దాటాలి. అక్షరాల సైజు పెంచే వీలు కూడా అక్కడే ఉంది. డెబ్బై దాటినవాళ్లు ఆడే ఆటకు ఆ రెండూ మొదటి పేజీలోనే ఉండాలి కదా!

నాకు అసలు కోపం తెప్పించింది జవాబుల పట్టిక. ‘మిస్సమ్మ’ (1955)లో ఎన్టీఆర్‌కు పాడిందెవరు అంటే ఘంటసాల అని చూపిస్తుంది. ‘రావోయి చందమామ’ ఒక్కసారి విన్నా చాలు, ఆ మెత్తటి గొంతు ఏ.ఎం. రాజాదని తెలిసిపోతుంది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదల తేదీకి ఇప్పటికీ 15 సెప్టెంబర్ 1931 అనే ఉంది. సెన్సార్ ఆధారాలు, అప్పటి పత్రికల ప్రకటనలు వెతికి అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని జర్నలిస్టు రెంటాల జయదేవ తేల్చి చాలా ఏళ్లయింది. తప్పు తెలియజేసే బటన్ ఉంది, నొక్కాను. వెంటనే థాంక్స్ అని వచ్చింది. ప్రశ్న మాత్రం పాత జవాబుతోనే మళ్లీ మళ్లీ వస్తోంది.

ఒకే పేరుతో వచ్చిన సినిమాల దగ్గర ఇంకా గందరగోళం. ‘దేవదాసు’ హీరో ఎవరని అడిగి, ఏఎన్నార్ (1953), కృష్ణ (1974) ఇద్దరినీ ఆప్షన్లలో పెడితే ఏది నొక్కాలి? ‘లవకుశ’ దర్శకుడి ప్రశ్న మరీ అన్యాయం. 1934 నాటిది సి. పుల్లయ్య తీశారు. 1963 నాటి రంగుల సినిమా కూడా ఆయనే మొదలుపెడితే కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేశారు. యాప్ తండ్రిని, కొడుకును విడివిడి ఆప్షన్లుగా పెట్టింది. “రెండు వేళ్లతో రెండూ నొక్కవోయ్” అన్నారు మాస్టారు.

ఇలాంటి తగాదాలకు మేమొక రూల్ పెట్టుకున్నాం. యాప్ ఏమన్నా సరే, యూట్యూబ్‌లో టైటిల్స్ చూపించినవాళ్లకే పాయింటు. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఆ తర్వాత ‘లాహిరి లాహిరి’ బాణీ దగ్గర ఇరుక్కుంది. ‘మాయాబజార్’ సంగీతం ఘంటసాల పేరు మీద ఉన్నా ఆ పాటతో కలిపి నాలుగు బాణీలు సాలూరి రాజేశ్వరరావు కట్టినవి. ‘దేవదాసు’ పాటలు సముద్రాల పేరున ఉంటాయి. కానీ అసలు రాసింది మల్లాది రామకృష్ణశాస్త్రి అనే మాట ఎత్తకుండా ఆ చర్చ ముగియదు. పాయింట్లు ఎటు వేయాలో తేలక ఆ రాత్రి స్కోరు కాగితం పక్కన పెట్టేశాం. నా దృష్టిలో ఈ ఆటకు ప్రాణం అలాంటి ప్రశ్నలే. యాప్‌లో అవి చాలా తక్కువ.

ఫోటో రౌండ్ నాకు నచ్చలేదు. ‘మాయాబజార్’ బొమ్మలన్నీ 2010లో రంగులద్దిన ప్రింటువే. కెమెరామన్ మార్కస్ బార్ట్లే నలుపు తెలుపుల్లో కురిపించిన వెన్నెల చూసిన కళ్లకు అవి ఆనవు. పాటల ముందు వచ్చే మ్యూజిక్ బిట్ విని పాట చెప్పే రౌండ్ మాత్రం అదుర్స్. ఫోన్ స్పీకర్ చాలక చిన్న బ్లూటూత్ స్పీకర్ కొన్నాం. బిట్ మొదలవగానే ఒకరు కళ్లు మూసుకుంటారు, ఒకరు గోడ మీద తాళం వేస్తారు. పాట తెలిసి సినిమా పేరు నోటిదాకా వచ్చి ఆగినవాళ్ల అవస్థ చూడాలి!

మన ప్రశ్నలు మనమే ఎక్కించుకునే సదుపాయం ఉంది, దాన్ని వదులుకోకండి. యాప్‌లో మద్రాసు స్టూడియోల గురించి బోలెడున్నాయి గానీ హైదరాబాద్ ఊసే లేదు. అందుకని మేమే ఒక సెట్ తయారుచేశాం. పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు సినిమా ఏది అన్నది అందులో మొదటి ప్రశ్న. జవాబు 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’, తీసింది అమీర్‌పేట సారథి స్టూడియోలో. ఇక సినిమా హాళ్లకు పేరుపడ్డ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఏ సినిమా ఏ థియేటర్లో ఆడిందనే ప్రశ్నలకు యూట్యూబ్ పనికిరాదు. దాచుకున్న పాత పేపర్ ప్రకటనలు తెచ్చి చూపించాల్సిందే.

ఉచిత వెర్షన్‌లో రెండు ప్రశ్నలకోసారి యాడ్ వస్తుంది. నలుగురూ తలా కొంత వేసుకుని డబ్బులు కట్టే వెర్షన్ తీసుకుంటే ఆ గోల ఉండదు. ఐదుకు మూడు ఇస్తాను. ‘మిస్సమ్మ’ జవాబు సరిచేసిన రోజు ఇంకో అర కలుపుతా.