డీవీడీ డ్రైవ్ మొరాయిస్తోందా? లోపలిది మార్చాలా, యూఎస్‌బీది కొనాలా?

సీడీలు చదువుతూ డీవీడీలు మాత్రం చదవట్లేదంటే లెన్స్ తుడిచి లాభం తక్కువ. రెంటికీ లేజర్లు వేరు. డీవీడీకి వాడే 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం లేజర్ నీరసించి ఉండొచ్చు.

ఖర్చు: లోపలి సాటా (సన్నని కేబుల్‌తో మదర్‌బోర్డుకి కలిపే రకం) డ్రైవ్ చవకే, కొత్తది దొరకడమే తగ్గింది. యూఎస్‌బీది సులువుగా దొరుకుతుంది.

శ్రమ: లోపలిదానికి కేబినెట్ విప్పాలి, నాలుగు స్క్రూలు, రెండు కేబుళ్లు. పాతదానికి వెడల్పాటి ఐడీఈ పట్టీ (సాటాకి ముందు కాలపు కేబుల్) ఉంటే, మదర్‌బోర్డులో సాటా పోర్టు ఉందో లేదో ముందు చూడండి. యూఎస్‌బీది గుచ్చితే చాలు.

వేగం: డీవీడీ రాయడానికి లోపలిది 24ఎక్స్ (మామూలు వేగానికి 24 రెట్లు) వరకు, యూఎస్‌బీది 8ఎక్స్ వరకు.

రిస్కు: యూఎస్‌బీది ముందు పోర్టులో కరెంటు చాలక మధ్యలో ఆగిపోవచ్చు. వెనక పోర్టుకే పెట్టండి.

పెళ్లి డీవీడీలు హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకోవడం వరకే అయితే యూఎస్‌బీది. రేపు ల్యాప్‌టాప్‌కీ పనికొస్తుంది. రోజూ డిస్కులు రాసే స్టూడియోవాళ్లకి లోపలిదే.