మిడ్‌వైఫ్ సిస్టర్ల దగ్గర కాన్పు: మా ఇంటి ఆడవాళ్ల అనుభవం

జిల్లా ప్రభుత్వ మాతాశిశు ఆసుపత్రిలో మిడ్‌వైఫ్ సిస్టర్లు చేసే సేవ గురించి రాస్తున్నాను. నా రెండో కాన్పు అక్కడే అయింది. తర్వాత మా ఆడపడుచుకు, ఆ పైన మా చెల్లికి తోడుగా వెళ్లాను. నా మొదటి కాన్పు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పగలను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తల్లికీ బిడ్డకీ ఏ ఇబ్బందీ లేని కాన్పు, అదీ మిడ్‌వైఫ్ డ్యూటీలో ఉన్న వేళ అయితే, ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. ఆవిడ డ్యూటీలో లేకపోతే అదే లేబర్ రూం పూర్తిగా మారిపోతుంది. నా అభ్యంతరమంతా దాని మీదే.

ఈ సిస్టర్లు నర్సింగ్ చదివి, ఆ పైన కాన్పుల మీదే 18 నెలలు ప్రత్యేక శిక్షణ తీసుకున్నవాళ్లు. తెలంగాణలో 2017లో కాన్పుల ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ సంస్థ, యునిసెఫ్ సాయంతో 30 మంది నర్సులతో కరీంనగర్‌లో ఇది మొదలైంది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఎందుకు అవసరమైందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే తెలుస్తుంది. 2019-21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం పెద్దాపరేషన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4, దేశంలో 21.5.

నా మొదటి కాన్పు లెక్క ప్రకారం 'నార్మల్'. కాగితం మీద అంతే ఉంటుంది. చేరగానే షేవింగ్, ఎనిమా, సెలైన్. ఆ సెలైన్‌లో నొప్పులు పెంచే మందు కలుపుతున్నామని నాకు ఎవరూ చెప్పలేదు. నొప్పులు ఊపిరి తీసుకోనివ్వకుండా ఒకదాని మీద ఒకటి వస్తుంటే, లేచి నాలుగడుగులు వేస్తానంటే వద్దన్నారు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి కట్టారు. ఎవరు వస్తే వాళ్లు చేతి తొడుగు వేసుకుని లోపల చెయ్యి పెట్టి చూసి, గర్భసంచి ముఖం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో వాళ్లలో వాళ్లు చెప్పుకుని వెళ్లిపోయేవాళ్లు. నా ముఖం చూసి మాట్లాడినవాళ్లు తక్కువ. అమ్మ బయట వరండాలో కూర్చుంది. చివర్లో ఒకరు కడుపు మీద బలంగా నొక్కారు. కింద కోత పెట్టారని కుట్లు వేసేటప్పుడు తెలిసింది. ఆ కుట్ల వల్ల నెల తిరిగేదాకా సరిగా కూర్చుని పాలివ్వలేకపోయాను. 'తల్లీ బిడ్డా క్షేమం, ఇంకేం కావాలి' అన్నారు అందరూ. నాకు ఇంకా చాలా కావాలి అనిపించింది, కానీ అప్పుడు ఆ మాట పైకి అనలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన ప్రసవ సంరక్షణ సిఫారసులు నేను తర్వాత చదివాను. అందరికీ షేవింగ్, ఎనిమా అక్కర్లేదని, కోత అందరికీ పెట్టకూడదని, కడుపు మీద నొక్కకూడదని, తల్లి కోరుకున్న మనిషి పక్కన ఉండాలని, నొప్పుల్లో తినొచ్చు తాగొచ్చు తిరగొచ్చని అందులో ఉంది. నొప్పులు బాగా అందుకునే దశ 5 సెంటీమీటర్ల నుంచి అని, గంటకో సెంటీమీటరు తెరుచుకోలేదని తొందరపెట్టకూడదని కూడా ఉంది. నాకు జరిగినవన్నీ వద్దన్నవాటి జాబితాలో కనిపించాయి.

రెండోసారి మా ఊరి ఆశా అక్క ఈ మిడ్‌వైఫ్‌ల దగ్గరికి తీసుకెళ్లింది. నెలనెలా చెకప్‌లోనే తేడా తెలిసింది. మొదటి కాన్పులో ఏం జరిగిందో సిస్టర్ అడిగి, నేను చెప్పింది మొత్తం రాసుకుంది. ఎక్సర్‌సైజులు నేర్పింది. నొప్పులు మొదలయ్యాక ఎప్పుడు బయలుదేరాలో, ఏ లక్షణం కనిపిస్తే ఆలస్యం చేయకూడదో మా అత్తమ్మకు కూడా కూర్చోబెట్టి చెప్పింది.

కాన్పు రోజు గదిలో మంచంతో పాటు నేల మీద ఒక చాప, పెద్ద గాలి బంతి, గోడకు పట్టుకునే కడ్డీ ఉన్నాయి. "మంచం ఎక్కాలని ఏం లేదమ్మా, నీకు ఎట్ల సుఖమైతే అట్ల ఉండు" అంది సిస్టర్. నేను బంతి మీద కూర్చుని మంచం అంచు పట్టుకుని ముందుకు వంగాను. వెనక అత్తమ్మ నడుము మీద అరచేత్తో గట్టిగా అదుముతోంది. ఎక్కడ అదమాలో సిస్టరే చూపించింది, వెన్నెముక కింద తుంటి ఎముకలు కలిసే చోట. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి ఉంటే నొప్పి సగం తగ్గినట్టుండేది. మధ్యమధ్య మజ్జిగ తాగాను. చిన్న మిషను పొట్ట మీద పెట్టి బిడ్డ గుండె చప్పుడు వింటూ, మాకూ వినిపించేది. లోపల చూడాల్సి వచ్చినప్పుడు "చూడనా అమ్మా? నొప్పి పోయినంక చూస్త" అని అడిగింది. ఆ ప్రశ్న ఎంత ధైర్యం ఇచ్చిందో మాటల్లో చెప్పలేను. మొదటిసారి నా ఒంటి మీద అంతమంది చేతులు పడ్డా ఒక్కరూ అడగని ప్రశ్న అది.

చివర్లో పక్కకు తిరిగి పడుకుని కన్నాను. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు ముక్కొద్దని, చిన్నగా ఊపిరి వదలమని చెబుతూ, వెచ్చటి తడి గుడ్డ కింద ఆనించి పట్టుకుంది. కోత లేదు. కొద్దిగా గీరుకుపోతే కుట్టు కూడా అవసరం లేదంది. బిడ్డను తుడిచి నా ఛాతీ మీద పెట్టింది. బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాకే కోసింది. గంటలోపే ముర్రుపాలు పట్టాను. ఆ సాయంత్రం నేనే నడుచుకుంటూ బాత్రూంకి వెళ్లాను.

ఇక ఇబ్బందులు. మా ఆడపడుచును అర్ధరాత్రి అదే ఆసుపత్రికి తీసుకెళ్లాం. మిడ్‌వైఫ్ లేదు. డ్యూటీలో ఉన్నవాళ్లు నన్ను గుమ్మం దగ్గరే ఆపేశారు. కాన్పుకు తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రులకు చెప్పింది, పరదాలతో చాటు ఉన్న చోట భర్తనూ అనుమతించొచ్చంది. ఆ సంగతి నేను చెప్తే "ఇక్కడ మా రూల్ ఇది" అన్నారు. లోపల ఆ పిల్ల అరుస్తుంటే "కడుపు తెచ్చుకునేటప్పుడు లేని అరుపులు ఇప్పుడెందుకు" అనే రకం మాటలు బయటికి వినిపించాయి. ఆ పిల్ల నొప్పి తట్టుకోలేక ఆపరేషన్ చేయమని అడిగింది. చేయాలో వద్దో డాక్టరు నిర్ణయం, అది ఒప్పుకుంటాను. కానీ అడిగినందుకు తిట్టడం ఏంటి? నొప్పి తగ్గించే మందు గురించి ఒక్కరు మాట్లాడలేదు. నార్మల్ కాన్పులు పెంచాలన్న లక్ష్యం మంచిదే, అది తల్లిని కసిరే లైసెన్సు కాకూడదు. మగపిల్లాడు పుట్టగానే ఆయాలు డబ్బులకు చెయ్యి చాపారు, అదీ చెప్పాలి.

మా చెల్లి సంగతి వేరు. దానికి మొదటిది ప్రైవేటులో పెద్దాపరేషన్. అత్తింటివాళ్లు పంతులుగారితో ముహూర్తం పెట్టించారు, డాక్టరు సరేనన్నారు. నువ్వేమంటావని దాన్ని ఎవరూ అడగలేదు. మన ఇళ్లల్లో ఇది చాలా చోట్ల ఇలాగే జరుగుతోంది. ఆసుపత్రి అడగకపోవడం ఒకటి, ఇంట్లోవాళ్లే అడగకపోవడం ఇంకొకటి.

రెండోసారి చెల్లి నార్మల్‌కు ప్రయత్నిస్తానంది. మేం ఈ ఆసుపత్రికే వచ్చాం. పెద్దాపరేషన్ అయినవాళ్లను మిడ్‌వైఫ్‌లు సొంతంగా చూడరు, డాక్టరమ్మ చూడాలి. ఆవిడ పాత కాగితాలు చూసింది. గర్భసంచి కింది భాగంలో అడ్డకోత పెట్టారు, రెండు కాన్పుల మధ్య ఎడం ఉంది, వేరే సమస్య లేదు, కాబట్టి ప్రయత్నించొచ్చంది. పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం తక్కువే గానీ ఉందని, అది జరిగితే వెంటనే ఆపరేషన్ తప్పదని దాచకుండా చెప్పింది. థియేటర్, రక్తం సిద్ధంగా పెట్టారు. మిడ్‌వైఫ్ సిస్టర్ మొదటి నుంచీ పక్కనే ఉంది. కానీ చాలాసేపటికి బిడ్డ గుండె చప్పుడు తగ్గడం మొదలైంది. డాక్టరమ్మ వచ్చి ఏం కనిపిస్తోందో రెండు మాటల్లో చెప్పి, "ఏం చేద్దామమ్మా?" అని చెల్లినే అడిగింది. అది చేసేయమంది. థియేటర్లోనే బిడ్డను దాని చెంపకు ఆనించారు. మొదటి ఆపరేషన్ గుర్తొస్తే ఇప్పటికీ ఏడ్చే మనిషి, ఈ రెండోదాని గురించి నవ్వుతూ చెప్తుంది. కోత అదే, కుట్లు అవే. ఈసారి మాట దానిది.

మారాల్సింది ఏంటంటే, ఈ పద్ధతి ఒక మంచి సిస్టరు డ్యూటీ మీద ఆధారపడకూడదు. ప్రతి షిఫ్టులో మిడ్‌వైఫ్ ఉండాలి. లేని రోజు కూడా తోడు మనిషిని రానివ్వడం, చెప్పి చేయి వేయడం, అడగకుండా కోత పెట్టకపోవడం అందరు నర్సులకూ డాక్టర్లకూ వర్తించాలి. కేంద్రం 2017లో తెచ్చిన లక్ష్య కార్యక్రమంలో లేబర్ రూముల నాణ్యతతో పాటు తల్లుల గౌరవం కూడా ఉంది. దాని కింద తనిఖీకి వచ్చేవాళ్లు గోడల రంగులతో పాటు రాత్రి కన్న తల్లులతోనూ మాట్లాడితే బాగుంటుంది. ప్రైవేటువాళ్లు తమ దగ్గర నూటికి ఎన్ని ఆపరేషన్లు అవుతున్నాయో, కారణాలేంటో బోర్డు మీద పెట్టాలి. మందుల ధర అడిగినంత మామూలుగా మనం ఇదీ అడగాలి.

కాన్పుకు వెళ్లేవాళ్లకు నా సలహా. ఏడో నెలలోనే వెళ్లి లేబర్ రూం చూడండి. తోడు ఎవరిని రానిస్తారో, రాత్రి డ్యూటీలో ఎవరుంటారో అడగండి. మీకు ఏం కావాలో, ఏం వద్దో మీ కార్డులో రాయించుకోండి. ఇంతకుముందు పెద్దాపరేషన్ అయితే, గర్భసంచి మీద ఏ కోత పెట్టారో రాసిన డిశ్చార్జ్ కాగితం తప్పక కావాలి. అది లేకపోతే రెండోసారి నార్మల్‌కు ఏ డాక్టరూ సులువుగా ఒప్పుకోరు. మా చెల్లి కాగితం కోసం మేం పాత ఆసుపత్రి చుట్టూ చాలా తిరిగాం, మీరు ఇంటికి వచ్చే రోజే అడిగి తెచ్చుకోండి.