గోల్‌మౌత్ క్లోజ్ నుంచి తియెప్వాల్ దాకా

మా అబ్బాయి స్కూల్ టీమ్‌లో గోల్‌కీపర్. ఒక మ్యాచ్‌లో పెనాల్టీ బాక్స్ దాటి బంతిని చేత్తో ఆపాడని ఫౌల్ ఇచ్చారు. "ఈ రూల్ ఎవరు పెట్టారు నాన్నా?" అని ఇంటికి వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు. వెతికితే లీ రిచ్‌మండ్ రూస్ దొరికాడు. 1912 దాకా గోల్‌కీపర్ తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో ఆడొచ్చు. రూస్ బంతిని నేలకు కొట్టుకుంటూ హాఫ్‌వే లైన్ దాకా వచ్చేసేవాడు. ఆ రూల్ మారడానికి ఆయన ఆటే ముఖ్య కారణం అంటారు. పుట్టింది వేల్స్‌లో, 1877లో. ఆ దేశానికి 24 మ్యాచ్‌లు ఆడాడు. పేరు తెచ్చుకున్నది మాత్రం ఇంగ్లండ్ క్లబ్బుల్లో: స్టోక్, ఎవర్టన్, సండర్లాండ్, చివర్లో ఆర్సెనల్. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర జరిగిన పోరులో పోయాడు. ఈ వేసవి సెలవుల్లో ఆయన దారి పట్టుకుని వెళ్ళొచ్చాం.

మొదట సండర్లాండ్. న్యూకాసిల్‌లో గది తీసుకుని మెట్రోలో వెళ్ళి రండి, హోటళ్ళు ఎక్కువ, రైళ్ళూ సులువు. 1908 డిసెంబర్ 5న సండర్లాండ్ 9-1తో న్యూకాసిల్‌ను వాళ్ళ మైదానంలోనే ఓడించినప్పుడు గోల్‌లో ఉన్నది రూసే. ఆ సెయింట్ జేమ్స్ పార్క్ ఇప్పటికీ అక్కడే ఉంది. సండర్లాండ్ సొంత మైదానం రోకర్ పార్క్ మాత్రం లేదు. 1997లో మూసేసి, కూల్చి, ఇళ్ళు కట్టేశారు. వీధుల పేర్లలోనే ఆట మిగిలింది. గోల్‌మౌత్ క్లోజ్, మిడ్‌ఫీల్డ్ డ్రైవ్, టర్న్‌స్టైల్ మ్యూస్. గోల్‌మౌత్ క్లోజ్ బోర్డు కింద మావాడు చేతులు చాచి నిలబడ్డాడు, ఫోటో తీశాను. అరగంట చాలు. అంతకు మించి చూడటానికి అక్కడ ఏమీ లేదు. స్టోక్ పాత మైదానానికీ అదే గతి పట్టిందని తెలిసి ఆ ఊరు వదిలేశాం.

అబరిస్ట్‌విత్‌కు మాత్రం రెండు రోజులు ఇవ్వండి. బర్మింగ్‌హామ్ నుంచి రైలు మారక్కర్లేదు, మూడు గంటల పైన పడుతుంది. చివరి గంట కొండలు, వాగులు, గొర్రెల మందలే. రూస్ చదివింది ఇక్కడి సముద్రం ఒడ్డునున్న కాలేజీలో. 1900లో ఈ ఊరి టీమ్‌తోనే వెల్ష్ కప్ గెలిచాడు. ఆ కాలేజీ భవనం చుట్టూ మరమ్మతుల కోసం కంచె కట్టి ఉంది, లోపలికి వెళ్ళలేకపోయాం. సాయంత్రం ఒడ్డు వెంబడి చివరిదాకా నడిచి అక్కడి ఇనుప కమ్మీని కాలితో తన్ని వెనక్కి తిరగడం ఇక్కడి విద్యార్థుల ఆచారం. మేమూ తన్నాం. మేం దిగిన ఇంట్లో గది చిన్నదే గానీ ఆ పెద్దావిడ మేం శాకాహారులమని విని పొద్దున్నే బీన్స్, పుట్టగొడుగులు, టమాటాలు వేడివేడిగా పెట్టింది. ఈ ట్రిప్ మొత్తంలో నాకు బాగా నచ్చిన బస అదే.

ఇక ఫ్రాన్స్. పారిస్‌లో గార్ ద్యు నోర్ స్టేషన్ నుంచి ఆమియాన్, అక్కడ మారి, సోమ్ యుద్ధం జరిగిన పల్లెలకు దగ్గరున్న ఆల్బేర్. ఆ ఊరి స్టేషన్ లోపల పైకప్పు కింద పాత విమానం వేలాడుతూ ఉంటుంది. బస విషయంలో మోసపోయాం. తాళం నంబర్ ఫోన్‌కు పంపుతామన్నారు, పంపలేదు. సామాన్లతో గంటన్నర వీధిలో నిలబడ్డాం. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఆమియాన్‌లో ఉండి రోజూ రైల్లో రావడం నయం, అరగంట కూడా పట్టదు. ఆదివారం మధ్యాహ్నం కొట్లన్నీ మూసి ఉంటాయి. ముందురోజు చేసుకున్న పులిహోరే ఆదుకుంది. పల్లెలకు బస్సుల మీద ఆశ పెట్టుకోకండి. మేం పూట మొత్తానికి ట్యాక్సీ మాట్లాడుకున్నాం. ఖర్చు ఎక్కువే, కానీ దండగ కాదు.

ముందు పోజియేర్. 1916 ఆగస్టులో రూస్ ఇక్కడే మొదటిసారి ట్రెంచ్‌లోకి దిగాడు. జర్మన్లు మంటలు చిమ్మే యంత్రాలతో మీద పడ్డారు. బట్టలు కాలి, పొగకు ఊపిరాడకపోయినా వైద్యానికి వెళ్ళనన్నాడు. చెయ్యి పడిపోయేదాకా బాంబులు విసిరాడు, ఆ తర్వాత తుపాకీ పట్టాడు. దానికే మిలిటరీ మెడల్ వచ్చింది. "గోల్‌కీపర్ కదా, విసరడం వచ్చు" అన్నాడు మావాడు. అంతకుముందు ఆయన సైనిక వైద్య విభాగంలో గల్లిపోలీ వెళ్ళాడు. అక్కడే పోయాడని ఇంట్లోవాళ్ళు చాలాకాలం అనుకున్నారు.

లాంగ్‌వాల్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బెటాలియన్లకు 2010లో పెట్టిన స్మారకం ఉంది. దానికి దగ్గర్లోనే, హైవుడ్ పక్క పొలాల్లో, 1916 జూలై 14న 20వ దక్కన్ హార్స్ గుర్రాల మీద ఈటెలతో దూసుకెళ్ళింది. ఒకప్పటి నిజాం హైదరాబాద్ కంటింజెంట్ రెజిమెంట్ అది. హైదరాబాద్‌లో పెరిగిన నాకు ఆ గోధుమ చేల పక్కన కాళ్ళు కదల్లేదు.

గ్యూడ్‌కూర్ దగ్గర అక్టోబర్ 7న రూస్ పోయాడు. వయసు 38. బీట్‌రూట్ చేలు, గాలి, ట్రాక్టర్ జాడలు. ఫలానా చోట అని చూపించడానికి ఏమీ లేదు. శవం దొరకలేదు.

అందుకే ఆయన పేరు తియెప్వాల్ స్మారకం మీద ఉంది. మన న్యూఢిల్లీ కట్టిన లుటియెన్సే ఈ ఎర్ర ఇటుకల కమానులూ కట్టాడు. 1932లో తెరిచారు. ఆచూకీ దొరకని 72,000 మందికి పైగా సైనికుల పేర్లు ఉన్నాయి. చూడటానికి టికెట్ లేదు, మ్యూజియంకు ఉంది, అది కూడా చూడండి. సైన్యం కాగితాల్లో రూస్ (Roose) పేరు 'రౌస్' (Rouse) అని తప్పుగా పడింది, గోడ మీద కూడా అలాగే చెక్కారు. అంత పేరున్న ఆటగాడు ఏళ్ళ తరబడి వెతికేవాళ్ళకు దొరక్కుండా పోయింది అందుకే. మీరు వెళితే రెండు స్పెల్లింగులూ రాసుకోండి. ఆయన రెజిమెంట్ రాయల్ ఫ్యూసిలియర్స్, ఆ పలకలు చూడండి. పేర్లు ముందు హోదా ప్రకారం, తర్వాత అక్షర క్రమంలో ఉంటాయి. ఆయన లాన్స్ కార్పొరల్.

మెడ నొప్పి పుట్టేదాకా తల ఎత్తి చదివాం. మావాడే ముందు కనిపెట్టాడు. ఎవరి శవమైనా దొరికి గుర్తుపడితే సమాధి కట్టి, ఇక్కడ పేరు తీసేస్తారని చెప్పాను. కాసేపు ఆలోచించాడు.

"అయితే ఈ పేరు ఇక్కడ లేకుండా పోవాలని కోరుకోవాలా నాన్నా?"

అవునన్నాను.