కంట్లో లెన్సు పెట్టించుకోబోయేవారికి హెచ్చరిక: డబ్బు కట్టక ముందే లెన్సు కంపెనీ, మోడల్, సైజు కాగితం మీద రాయించుకోండి

కళ్ళద్దాలు లేకుండా చేసుకోవడానికి కంటి లోపల లెన్సు పెట్టించుకోవాలని విజయవాడలోనో గుంటూరులోనో ఆసుపత్రుల్లో విచారిస్తున్నవారి కోసం, ముఖ్యంగా పెళ్ళీడు పిల్లలున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. మా అమ్మాయికి విజయవాడలోని ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిలో రెండు కళ్ళకూ ఈ శస్త్రచికిత్స జరిగింది. మాకు చెప్పి డబ్బు కట్టించుకున్న లెన్సు ఒకటి, కంట్లో పెట్టిన లెన్సు మరొకటి. పెట్టినదైనా ఎడమ కంటికి సైజు సరిపోలేదు. కంటిలో ప్రెషర్ పెరిగిపోవడంతో హైదరాబాదు తీసుకువెళ్ళి దానిని తీయించి వేరే లెన్సు వేయించవలసి వచ్చింది. ఫిర్యాదు విచారణలో ఉంది కనుక ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు తెలియకపోయినా మీరు జాగ్రత్తపడడానికి అవసరమైన వివరాలన్నీ కింద ఉన్నాయి.

మా అమ్మాయికి రెండు కళ్ళకూ మైనస్ తొమ్మిది దాటిన పవర్, దానికి తోడు సిలిండర్ పవర్ ఉన్నాయి. కంటి ముందు భాగంలోని పారదర్శక పొర అయిన కార్నియా మందం 480 మైక్రాన్లే ఉండడం వలన లాసిక్ చేయడం క్షేమం కాదని ఇద్దరు డాక్టర్లు చెప్పారు. ఆ మాట నిజమే. లాసిక్‌లో లేజర్‌తో కార్నియాను కొంత చెక్కుతారు కాబట్టి, పవర్ ఎక్కువై, కార్నియా పలచగా ఉన్నవారికి అది పనికిరాదు. అటువంటివారికి కనుపాపకు (ఐరిస్ అనే రంగు పొరకు) వెనుక, సహజమైన లెన్సుకు ముందు ఉండే సన్నని ఖాళీలో మెత్తని కృత్రిమ లెన్సును అమరుస్తారు. శుక్లం ఆపరేషనులో లాగా సహజ లెన్సును తీసివేయరు. ఈ పద్ధతిని అందరూ ఐ.సి.ఎల్. అంటున్నారు. పద్ధతి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. సరిగా కొలిచి, సరైన లెన్సు వేసినచోట ఎంతో మంది హాయిగా చూడగలుగుతున్నారు.

మాతో మాట్లాడినది డాక్టరు కంటే ఎక్కువగా కౌన్సెలరు. "పవర్ ఎక్కువ కదా సార్, లాసిక్ కుదరదు. అమెరికా లెన్సు వేయిస్తే అమ్మాయికి జీవితాంతం అద్దాలతో పని ఉండదండీ," అని ఆమె చెప్పింది. జీవితాంతం అనే మాట పొరపాటు. నలభై ఏళ్ళు దాటాక అందరికీ వచ్చే దగ్గరి చూపు సమస్య ఈ లెన్సు ఉన్నా వస్తుంది, చదువుకోవడానికి అద్దాలు పెట్టుకోవలసిందే. హ్రస్వదృష్టి వలన సాగి పలచబడిన రెటీనా కూడా అలాగే ఉంటుంది కాబట్టి, పవర్ పోయినా ఏడాదికొకసారి రెటీనా పరీక్ష మానకూడదు. ఈ సంగతులు ఆమె చెప్పలేదు. రెండు కళ్ళకూ కలిపి సుమారు రెండు లక్షల రూపాయలకు ఒక ప్యాకేజీ చెప్పింది. మా చేతికి ఇచ్చిన అంచనా కాగితంలో మాత్రం "టోరిక్ ఐ.సి.ఎల్., రెండు కళ్ళు" అన్నంత వరకే ఉంది (టోరిక్ అంటే సిలిండర్ పవర్‌ను కూడా సరిచేసే లెన్సు). కంపెనీ పేరు, మోడల్, సైజు ఏవీ లేవు. మొత్తం అనర్థానికి మూలం ఆ కాగితమేనని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ మూడక్షరాల కింద ఇప్పుడు మన దగ్గర ఒకటి కంటే ఎక్కువ రకాల లెన్సులు అమ్ముడవుతున్నాయి. మొదట ఈ పేరుతో వచ్చినది స్టార్ సర్జికల్ అనే అమెరికన్ కంపెనీ కొల్లామర్ అనే మెత్తని పదార్థంతో తయారుచేసే లెన్సు. దానికి అమెరికాలో 2005 డిసెంబరులో అనుమతి వచ్చింది. మధ్యలో 0.36 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న కొత్త మోడల్‌కు అక్కడ 2022 మార్చిలో అనుమతి లభించింది. ఆ రంధ్రం గుండా కంటిలోని ద్రవం పారుతుంది కనుక, పాత మోడల్‌కు చేసినట్లుగా ముందుగా కనుపాపకు లేజర్‌తో రంధ్రం వేయవలసిన అవసరం తప్పింది. ఇదే పని చేసే లెన్సులు మన దేశంలో, గుజరాత్‌లో కూడా తయారవుతున్నాయి. వాటి పదార్థం వేరు, ధర చాలా తక్కువ. అవి చెడ్డవని నేను అనడం లేదు. వాటినే ఎంచుకుని సంతోషంగా ఉన్నవారున్నారు, తక్కువ ఖర్చులో ఒక పేదింటి పిల్లకు చూపు దొరికితే అది మంచిదే. ఒకదాని ధర తీసుకుని రెండవదాన్ని పెట్టడం, అది కూడా చెప్పకుండా పెట్టడం గురించే నా ఫిర్యాదు అంతా.

ఇక కొలతల సంగతి చెప్పాలి. ఈ శస్త్రచికిత్సలో పవర్ కంటే సైజు క్లిష్టమైనదని నాకు తరువాత రెండవ ఆసుపత్రిలో డాక్టరు వివరించారు. కొల్లామర్ లెన్సు 12.1, 12.6, 13.2, 13.7 మిల్లీమీటర్లు అనే నాలుగు సైజుల్లోనే వస్తుంది. కంటి లోపలి వెడల్పును అంచనా వేసి వాటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. లెన్సు అమరిన తరువాత దానికీ సహజ లెన్సుకూ మధ్య ఉండే ఎడాన్ని వాల్ట్ అంటారు. అది ఇంచుమించు 250 నుంచి 750 మైక్రాన్ల మధ్య ఉండాలని కోరుకుంటారు. లెన్సు చిన్నదైతే ఎడం తగ్గి, సహజ లెన్సును తాకేంత దగ్గరై, చిన్న వయసులోనే శుక్లం రావచ్చు. పెద్దదైతే ఎడం మితిమీరి కనుపాపను ముందుకు నెట్టి, కంటి ద్రవం బయటికి పోయే మూలను ఇరుకు చేస్తుంది. అప్పుడు ప్రెషర్ పెరిగి, పట్టించుకోకపోతే నీటికాసుల జబ్బుకు దారితీసి కంటి నరం దెబ్బతింటుంది. నరానికి జరిగిన నష్టం తిరిగి రాదు. అందుకే కార్నియా వెడల్పు ఒక్కటే చూసి ఊరుకోకుండా, కార్నియాకూ సహజ లెన్సుకూ మధ్య ఉండే ముందు గది లోతును, లోపలి మూలను స్కాన్ మీద కొలవాలి. లోతు 2.8 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే ఈ లెన్సు సాధారణంగా వేయరు, అమెరికాలోనైతే 3 మిల్లీమీటర్లు ఉండాలంటారు. కార్నియా లోపలి పొరలో ఎన్ని కణాలున్నాయో స్పెక్యులర్ మైక్రోస్కోపుతో లెక్కించాలి, ఎందుకంటే ఆ కణాలు పోతే మళ్ళీ పుట్టవు. కంటి చుక్కలు వేసి రెటీనా అంచుల వరకు చూసి, పలచబడిన చోట్లు, చిల్లులు ఉంటే ముందుగా లేజర్ చేయాలి. కాంటాక్టు లెన్సులు వాడేవారు కొలతలకు కొన్ని రోజుల ముందు నుంచి వాటిని పూర్తిగా మానివేయాలి. మా అమ్మాయి వాటిని ఉదయం తీసి మధ్యాహ్నం కొలతలకు కూర్చుంది. ఎవరూ అడగలేదు, మాకు తెలియదు.

శస్త్రచికిత్స త్వరగానే ముగిసింది, సాయంత్రం ఇంటికి పంపించారు. రాత్రికి ఎడమ కంటి వైపు తలనొప్పి మొదలై, తెల్లవారేసరికి వాంతులయ్యాయి. దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడుతున్నాయని పిల్ల చెప్పింది. ఫోనులో చెబితే, "కొత్త లెన్సు కదండీ, కొద్దిరోజుల్లో అలవాటవుతుంది," అన్నారు. తీసుకువెళితే చుక్కల మందు మార్చి పంపించారే తప్ప, వాల్ట్ ఎంత ఉందో స్కాన్ చేసి చూడలేదు. ఇక్కడ ఒక విషయం అందరూ గుర్తుపెట్టుకోవాలి. రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనబడడం ఈ లెన్సుతో చాలామందికి మొదట్లో ఉండేదే, అది క్రమంగా తగ్గుతుంది. కానీ నొప్పి, వాంతులు, మసక ఒకేసారి వస్తే అవి ప్రెషర్ పెరిగిన లక్షణాలు కావచ్చు. ఆపరేషను సమయంలో వాడిన జిగురు మందు కొంత లోపల మిగిలిపోయినా మొదటి రోజు ప్రెషర్ పెరుగుతుంది. కారణం ఏదైనా అదే రోజు కొలిచి తీరాలి. ఇంటికి పంపే ముందు కొన్ని గంటలు ఉంచుకుని ప్రెషర్ చూసే ఆసుపత్రిని ఎంచుకోండి.

హైదరాబాదులో చూపించినప్పుడు ఎడమ కంటి ప్రెషర్ 34 ఉంది. సాధారణంగా అది 10 నుంచి 21 మధ్య ఉండాలి. వాల్ట్ 1200 మైక్రాన్లు దాటి ఉంది. డయామాక్స్ మాత్రలతో, చుక్కలతో ప్రెషర్ దించి, లెన్సు మార్చక తప్పదన్నారు. ఆ వెంటనే డాక్టరు గారు అడిగినది ఇంప్లాంట్ కార్డు. ఏ కంపెనీ లెన్సు, ఏ మోడల్, ఏ సైజు ఉందో తెలిస్తే, దాని బదులు ఏది వేయాలో లెక్క కట్టడం తేలికవుతుంది. మా దగ్గర కార్డు లేదు. డిశ్చార్జ్ సమ్మరీలో మళ్ళీ ఆ మూడక్షరాలే ఉన్నాయి. కంటి నొప్పితో పిల్ల పక్కన కూర్చుని ఉంటే, ఆ కంటిలో ఏముందో చెప్పే ఒక్క కాగితం మా చేతిలో లేకపోవడం ఎంత బాధాకరమో మాటల్లో చెప్పలేను.

విజయవాడ ఆసుపత్రి వారిని రికార్డుల కోసం ఫోనులో అడిగితే రేపు, ఎల్లుండి అన్నారు. రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకున్న తరువాతే కదలిక వచ్చింది. రోగి గానీ, రోగి తరఫున అధికారం ఉన్నవారు గానీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్యుల వృత్తి ప్రవర్తన నియమావళిలో ఉంది. ఆ నియమాన్ని దరఖాస్తులో ప్రస్తావించాను. చేతికి వచ్చిన ఆపరేషను కాగితం మీద అంటించిన స్టిక్కర్లు చూస్తే, మాకు చెప్పిన అమెరికా కంపెనీ పేరు ఎక్కడా లేదు. అడిగితే, మీకు చెప్పినది వచ్చేసరికి ఆలస్యమవుతుందని, దీని నాణ్యత కూడా అంతేనని జవాబు. టోరిక్ లెన్సును ఆర్డరు పెట్టి తెప్పించవలసి రావచ్చు, ఆలస్యం కావడం సహజమే. ఆ మాట ముందే చెప్పి ఉంటే మేము ఆగేవాళ్ళం. అంతేనని వారు నమ్మితే ధరలోని తేడా ఎందుకు తిరిగి ఇవ్వలేదో ఇప్పటికీ జవాబు లేదు.

ఇన్సూరెన్సు విషయంలో కూడా ఇదే లోపం మమ్మల్ని దెబ్బకొట్టింది. కళ్ళద్దాలు తీసే ఆపరేషనుకు ఇన్సూరెన్సు రాదని కౌన్సెలరు తేల్చి చెప్పింది. ఇన్సూరెన్సు కంపెనీలను నియంత్రించే ఐ.ఆర్.డి.ఎ.ఐ. నిర్దేశించిన ప్రామాణిక మినహాయింపులలో ఉన్నది వేరు. 7.5 డయాప్టర్ల కంటే తక్కువ పవర్‌కు చేసే చికిత్సకే ఆ మినహాయింపు వర్తిస్తుంది. మా అమ్మాయి పవర్ అంతకంటే ఎక్కువ. పాలసీలోని ఇతర షరతులు, వేచి ఉండే కాలం చూసుకోవాలి గానీ, అసలే రాదనుకుని వదులుకోకూడదు. మేము క్లెయిము పెట్టినప్పుడు కంపెనీ వారు లెన్సు స్టిక్కరు, లెన్సు కొన్న ఇన్వాయిస్ అడిగారు. ప్యాకేజీ పేరుతో ఇచ్చిన ఒకే ఒక్క అంకె ఉన్న రసీదు అక్కడ ఎందుకూ పనికిరాలేదు.

కాబట్టి అడ్వాన్సు కట్టక ముందే అంచనా కాగితం మీద లెన్సు తయారీ కంపెనీ, మోడల్, ప్రతి కంటికీ పవర్, సైజు, లెన్సు ధర విడిగా రాయించి సంతకం తీసుకోండి. మీ కొలతల ప్రింట్లన్నీ అడిగి తీసుకుని వేరొకచోట చూపించండి. తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణం, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి మన దగ్గరే ఉన్నాయి, రెండో అభిప్రాయానికి దూరం వెళ్ళనవసరం లేదు. ఆపరేషను రోజున సీలు తీయని పెట్టెను చూపించమని అడిగి, దాని మీది పేరు, సీరియల్ నంబరు, గడువు తేదీ, ఎం.ఆర్.పి. ఫోటో తీసుకోండి. దీనికి ఒప్పుకోని చోట చేయించుకోవద్దు. మొహమాటపడకండి, లోపలికి వెళ్ళేది మన పిల్లల కంటిలోకి.

ఇప్పటికే చేయించుకున్నవారు కార్డు ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. లేకపోతే రాతపూర్వకంగా అడగండి. మోసం జరిగిందని తేలితే సైజు తప్పడాన్నీ, చెప్పిన లెన్సు బదులు వేరొకటి పెట్టడాన్నీ ఒకే గాటన కట్టవద్దు. మంచి డాక్టరు చేతిలో కూడా సైజు అంచనా తప్పవచ్చు, దానిలో నిర్లక్ష్యం ఉందని నిరూపించడానికి నిపుణుల అభిప్రాయం కావలసి వస్తుంది. చెప్పిన వస్తువు బదులు వేరొకటి ఇచ్చారనడానికి లెన్సు పేరు రాసిన అంచనా కాగితం లేదా రసీదు, స్టిక్కరు పక్కపక్కన పెడితే చాలు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు ఇచ్చింది. కట్టిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలి, 5 లక్షల లోపు అయితే దాఖలు రుసుము కూడా లేదు. సమస్య తలెత్తిన రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే దారి చెబుతారు. మా అమ్మాయి ఎడమ కంటి ప్రెషర్ ఇప్పుడు మందులు లేకుండానే అదుపులో ఉంది, కమిషన్ నుంచి ఉత్తర్వు వచ్చిన రోజున దాని వివరాలు ఇక్కడే తెలియజేస్తాను.