వెలుగు నిండిన ఆకాశం, నల్లని రెక్కలు: కెనాన్ 400 ఎంఎం ఎఫ్/5.6 లెన్స్ సమీక్ష

పక్షుల ఫొటోలు తీసేవారికి ఎదురయ్యే కష్టాలలో, తెల్లగా మెరిసే ఆకాశంలో ఎగిరే పెద్ద నల్లని పక్షిని ఈకలు విడివిడిగా కనిపించేలా తీయడాన్ని నేను అన్నిటికన్నా ముందు లెక్కిస్తాను. రాబందు, గద్ద, బొంతకాకి, నీటికాకి కొమ్మ మీద కూర్చున్నప్పుడు ఏ కెమెరాకైనా చక్కగానే లొంగుతాయి. అవే గాలిలోకి లేవగానే ముఖం, కన్ను, రెక్కల అడుగుభాగం అన్నీ ఒకే నల్లటి మచ్చలో కలిసిపోతాయి. ఈ పనికి చాలామంది 600 ఎంఎం వరకు వెళ్లే పెద్ద జూమ్ లెన్సులను ఎంచుకుంటారు. నేను మాత్రం కెనాన్ 1993లో విడుదల చేసిన ఈఎఫ్ 400 ఎంఎం ఎఫ్/5.6ఎల్ యూఎస్ఎం లెన్స్‌కే ఇప్పటికీ మొదటి స్థానం ఇస్తాను.

ఈ లెన్స్ బరువు 1250 గ్రాములు, పొడవు దాదాపు 26 సెంటీమీటర్లు. లోపల ఉన్నవి 6 సముదాయాలుగా (విడిగానో, ఒకదానికొకటి అతికించో) అమర్చిన 7 కటకాలు మాత్రమే. నా అభిప్రాయానికి ఆధారం ఈ చిన్న సంఖ్యే. ఒక్కో సముదాయానికి గాలిని తాకే ఉపరితలాలు రెండు చొప్పున ఇందులో మొత్తం 12 ఉన్నాయి. సోనీ 200-600 ఎంఎం జూమ్‌లో 17 సముదాయాలలో 24 కటకాలు ఉన్నందున ఆ లెక్క 34కు చేరుతుంది. ప్రతి ఉపరితలం తన మీద పడిన వెలుగులో కొద్ది భాగాన్ని వెనక్కి తిప్పుతుంది. కటకాల మీది పూతలు ఆ భాగాన్ని బాగా తగ్గిస్తాయే గానీ పూర్తిగా తీసివేయలేవు. ఫ్రేములో పదింట తొమ్మిది వంతులు మెరిసే ఆకాశమే ఉన్నప్పుడు, అలా తిరిగిన వెలుగు చిత్రమంతటా పలుచగా పరచుకుంటుంది. ఆకాశంలో అది మన కంటికి తెలియదు. నల్లని ఈకల దగ్గరకు వచ్చేసరికి మాత్రం నలుపు బూడిదరంగుకు తిరిగి, ముదురు గోధుమకూ నలుపుకూ ఉన్న సన్నని తేడా చెరిగిపోతుంది. ఈ లెన్స్‌తో తీసిన చిత్రాలలో నలుపు నలుపుగానే నిలబడుతుంది, ఆ నలుపు లోపల ఈకల అంచులు కూడా నిలుస్తాయి. కొత్త జూమ్‌ల పూతలు ఎంతో మెరుగైనవనీ, వాటి పదును తక్కువేమీ కాదనీ ఒప్పుకుంటూనే, ఈ ఒక్క పనిలో తక్కువ గాజు ఇచ్చే మేలు నాకు స్పష్టంగా కనిపిస్తుందని చెబుతున్నాను.

ఇదే కారణంగా, లెన్స్ ముందు రక్షణ కోసం బిగించే 77 ఎంఎం ఫిల్టర్‌ను ఈ పని చేసేటప్పుడు తీసివేయాలి, ఎందుకంటే అది నేరుగా ఆకాశానికి ఎదురుగా మరో రెండు ఉపరితలాలను చేరుస్తుంది. లెన్స్‌తో పాటే ఉన్న హుడ్‌ను (పక్క వెలుగును అడ్డుకునే గొట్టాన్ని) ముందుకు లాగి తిప్పితే బిగుసుకుంటుంది. విడిగా మోసుకుపోయే హుడ్ కానందున దాన్ని మరచిపోయే అవకాశమే లేదు. పక్క నుంచి సూర్యకాంతి పడేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. రెక్క చివర వేళ్లలా విడిపోయే ఈకల అంచుల్లో ఊదారంగు చార రావడం ఇలాంటి చిత్రాలలో సాధారణం. ఈ లెన్స్‌లోని, రంగులు విడిపోవడాన్ని తగ్గించే ప్రత్యేక గాజుతో చేసిన ఒక సూపర్ యూడీ కటకం, ఒక యూడీ కటకం ఆ చారను చాలావరకు అదుపులో ఉంచుతాయి, మిగిలిన కొద్దిపాటి రంగును ఎడిటింగ్‌లో తుడిచివేయవచ్చు.

ఎంత మంచి లెన్స్ అయినా ఎక్స్‌పోజర్ (చిత్రానికి అందే వెలుగు మోతాదు) తప్పితే ప్రయోజనం లేదు. కెమెరాలోని మీటర్ తాను చూసిన దృశ్యాన్ని మధ్యస్థమైన బూడిదరంగు స్థాయికి తేవడానికి ప్రయత్నిస్తుంది. అది చూసేది ప్రధానంగా ఆకాశాన్నే కాబట్టి, ఆకాశాన్ని ముదురు చేసి పక్షిని చీకట్లోకి నెడుతుంది. ఆటో పద్ధతిలో ఒకటి నుంచి రెండు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) పెంచుకోమని సాధారణంగా చెబుతారు. పక్షి నీలాకాశం నుంచి తెల్లమబ్బు ముందుకు, అక్కడి నుంచి చెట్ల వరుస ముందుకు కదిలితే ఆ పెంపు ప్రతిసారీ మారాలి, పక్షి మీద పడే వెలుగు మాత్రం మారదు. అందువల్ల ఇలాంటి చోట మాన్యువల్ పద్ధతే నమ్మదగినది. నిండు ఎండలో ఐఎస్ఓ (కెమెరా వెలుగుకు స్పందించే స్థాయి) 100కు ఎఫ్/16 వద్ద (ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ వెలుగును లోపలికి వదులుతుంది) సెకనులో నూరో వంతు అన్న పాత సూత్రాన్ని తీసుకుంటే, ఎఫ్/5.6 మూడు స్టాపులు ఎక్కువ వెలుగునిస్తుంది కనుక షట్టర్ వేగం 1/800 అవుతుంది. ఐఎస్ఓ 400కు 1/3200 అవుతుంది. నల్లని పక్షికి దాని కన్నా ఒక స్టాపు ఎక్కువ ఇచ్చి 1/1600 వద్ద మొదలుపెడితే, ఎండ పడుతున్న ఈకలలో వివరం వస్తుంది. తలకు పైగా ఎగిరే పక్షి రెక్కల అడుగుభాగం నీడలో ఉంటుంది కాబట్టి అక్కడ మరో స్టాపు కావాలి. నేల మంచుతోనో ఇసుకతోనో తెల్లగా ఉన్నచోట ఆ వెలుగు పైకి తిరిగి రెక్కల కిందికి చేరుతుంది, అప్పుడు ఈ అదనం అవసరం ఉండదు. ఉదయం, సాయంత్రం సూర్యుడు కిందికి ఉన్నప్పుడు, పక్షి మలుపు తిరుగుతూ రెక్కను వాల్చిన క్షణంలో అడుగుభాగమంతా వెలుగుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చిత్రాలు అటువంటి మలుపుల్లోనే దొరుకుతాయి.

ఒంట్లో నలుపూ తెలుపూ రెండూ ఉన్న పక్షుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. బాల్డ్ ఈగిల్ తల, తోక తెల్లన, ఒళ్లు ముదురు గోధుమ; ఆండీస్ కాండోర్‌కు మెడ చుట్టూ తెల్లని పట్టీ ఉంటుంది. ఒంటికి కావలసినంత వెలుగు ఇస్తే తలో పట్టీయో పూర్తిగా తెల్లబారి వివరం పోతుంది. ఆకాశంలో హైలైట్ హెచ్చరిక (వెలుగు మితిమీరిన చోట కెమెరా తెర మీద మెరిసే గుర్తు) మెరిసినా నేను పట్టించుకోను. పక్షి మీద మెరిస్తే మాత్రం వెంటనే వెలుగు తగ్గిస్తాను. కెమెరా సెన్సర్ డేటాను ఉన్నది ఉన్నట్టు దాచే రా ఫైల్‌లో నీడలను తర్వాత పైకి లేపవచ్చన్నది నిజమే, కానీ వెలుగు చాలని ఈకలను లేపితే ఆ పొరల్లో నాయిస్ (గింజల్లాంటి మచ్చలు) పేరుకుంటుంది.

ఫోకస్ విషయంలో ఈ లెన్స్ వయసు తెలియనివ్వదు. ఫోకస్ వెతికే దూరాన్ని పరిమితం చేసే లిమిటర్ స్విచ్‌ను 8.5 మీటర్ల నుంచి అనంతం వరకు అన్న స్థానంలో ఉంచితే, రింగ్ యూఎస్ఎం మోటార్ దగ్గరి దూరాలకు వెళ్లి వెతుక్కోకుండా పక్షిని త్వరగా పట్టుకుంటుంది. బరువు తక్కువ కాబట్టి చేతులు అలసిపోకుండా పక్షితో పాటు తిరగవచ్చు. ఏపీఎస్-సీ సెన్సర్ (పాత ఫిల్ము ఫ్రేమంత ఉండే ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది) కెమెరాతో 27 మీటర్ల దూరంలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు ఒక మీటరు మాత్రమే. మీటరున్నర రెక్కల గద్ద పక్కకు తిరిగి ఉంటే దూరపు రెక్క చివర మసకబారడం సహజం. ఫోకస్ తల మీద నిలిస్తే ఆ మసక చిత్రానికి చేటు కాదు. 2020లో వచ్చిన ఈఓఎస్ ఆర్5, ఆర్6 కెమెరాలు పక్షులను గుర్తించి ఫోకస్ చేస్తాయి, అడాప్టర్‌తో ఈ లెన్స్ వాటికి అమరుతుంది. ఎక్స్‌పోజర్ మాన్యువల్‌గా సరిపెట్టుకున్నాక, నల్లని ముఖంలో కన్ను బయటపడిందో లేదో వ్యూఫైండర్‌లోనే ముందుగా చూడగలగడం నిజంగా గొప్ప సౌకర్యం.

ఇందులో చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజర్ లేదన్న విమర్శ తరచుగా వినిపిస్తుంది. 1/1600 వేగం వద్ద చేతి వణుకు సమస్య కాదు, పక్షి కదలికను స్టెబిలైజర్ ఎలాగూ ఆపలేదు. వేకువన, చిక్కటి మబ్బులో మాత్రం ఎఫ్/5.6 చాలక ఐఎస్ఓ బాగా పెంచవలసి వస్తుంది. అటువంటి వేళలకు ఇది తగిన లెన్స్ కాదు. వానకు, దుమ్ముకు రక్షణగా సీలింగ్ కూడా లేదు.

నా దృష్టిలో అసలైన పరిమితి వేరు. జూమ్ లేనందున దగ్గరకు వచ్చిన పెద్ద పక్షి ఫ్రేములో పట్టదు. 2.8 మీటర్ల రెక్కల రాబందు ఏపీఎస్-సీ కెమెరాతో 50 మీటర్ల కన్నా దగ్గరకు వస్తే రెక్కల చివరలు తెగుతాయి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో ఆ హద్దు 31 మీటర్లు. పెద్ద రాబందులే ప్రధానమనుకునేవారు ఫుల్ ఫ్రేమ్‌తోనే దీన్ని వాడాలి. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించే 1.4ఎక్స్ ఎక్స్‌టెండర్ జోడిస్తే 560 ఎంఎం, ఎఫ్/8 అవుతుంది. చాలా పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాలలో ఆటోఫోకస్ అక్కడితో ఆగిపోతుంది, పైగా తక్కువ గాజు కోసం ఎంచుకున్న లెన్స్‌కు మరింత గాజు చేర్చినట్లవుతుంది. ఆ జోడింపును నేను సిఫారసు చేయను.

ఇప్పుడు ఈ లెన్స్ ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌గానే దొరుకుతుంది. కొనే ముందు వెనుక నుంచి టార్చ్ వేసి కటకాల మధ్య ఫంగస్, పలుచని పొగలాంటి పొర ఉన్నాయేమో చూడాలి. పైకి శుభ్రంగా కనిపించే లెన్స్‌లో కూడా ఆ పొర ఉంటే, పైన చెప్పిన నలుపు నిలకడ మొత్తం పోతుంది. ఆ తర్వాత మెరిసే ఆకాశానికి ఎదురుగా ఏదైనా నల్లని వస్తువును ఉంచి ఒక చిత్రం తీసి, మరొక లెన్స్‌తో అదే వెలుగులో తీసిన చిత్రం పక్కన పెట్టి, నలుపు ఎంత లోతుగా ఉందో పోల్చి చూడాలి.